పదకొండు నిమిషాల ఆటకట్టు

ఆ సోమవారం పొద్దున వెంకటనారాయణ తన కూతురు రేఖ టిఫిన్ బాక్సు మీద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంచి, జారిపోకుండా రబ్బరు బ్యాండు వేశాడు. కరెంటు బిల్లు వెనక స్కేలుతో గీసిన అరవై నాలుగు చదరంగం గడులు, వాటిలో పెన్సిలుతో పావులు, కింద ఒకే వాక్యం: తెల్ల ఆడి తొమ్మిది ఎత్తుల్లో కట్టు. ఆయన గీసిన కాగితాల్లో అది చివరిది.

"గీసారి ఫికర్ లేదు బిడ్డా. గట్టిగ కట్టిన," అన్నాడు.

"పోయినసారి గూడ గట్లనే అన్నవ్ నాయినా," అంది రేఖ స్కూటీ తాళాలు వెతుక్కుంటూ.

వంటింట్లోంచి తల్లి రుక్కమ్మ అందుకుంది. "కూరల ఉప్పుందో లేదో తెల్వది గని, ఆ రాజు యాడికి వోతడో మాత్రం ఎరికె మీ నాయినకు."

వెంకటనారాయణ ముప్ఫై ఒక్క ఏళ్లు నీళ్ల బోర్డులో లైన్‌మన్. కొండాపూర్ కాలనీలకు నల్లా నీళ్లు వదిలేవాడు. ఒక కాలనీ వాల్వు తిప్పి, గంటన్నర ఆగి, దాన్ని కట్టేసి, పక్క కాలనీది తిప్పాలి. ఆ గంటన్నరా బండి సీటు మీద కూర్చుని చదరంగం ఆడేవాడు, బల్లా పావులూ లేకుండా, తలలోనే. ఒకసారి నల్లరాజును ఇరికించే ధ్యాసలో వాల్వు కట్టడం మరిచిపోతే ఒక అపార్ట్‌మెంటు సంపు పొంగి సెల్లారు మునిగింది. ఆఫీసులో మెమో ఇచ్చారు. ఆ మెమో వెనకే ఆయన తన మొదటి చదరంగం సమస్య గీశాడు.

రిటైరైన ఏడాది రేఖను అడిగాడు. "కంప్యూటర్ ఆటకట్టు ఎంతసేపట్ల కనుక్కుంటది?"

"సెకను గూడ పట్టది."

"ఏది పెట్టినా?"

రేఖ రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టరు. అలాంటి ప్రశ్నకు అవునో కాదో చెప్పి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. తన సొంత ల్యాప్‌టాప్‌లో మూడు చదరంగం ఇంజిన్లు ఎక్కించింది. ఒకటి ఆటకట్టులు వెతకడానికే తయారైనది. రెండోది పనికిరావనుకున్న దారులను నరుక్కుంటూ లోతుకు పోయేది. మూడోది లక్షల ఆటలాడి అలవాటైన చూపుతో నెమ్మదిగా తూకం వేసేది. మూడింటికీ సమానంగా మెమరీ, ప్రాసెసరు కోర్లు ఇచ్చింది. ఒక్కో సమస్యను అయిదుసార్లు నడిపి, నడిమి సమయాన్ని షీటులో రాసేది. లంచ్ అవర్‌లో ఇదంతా చూసి, పక్క సీటు ఉమాశ్రీ కూడా కుర్చీ జరుపుకునేది. ఆమెది కాకినాడ.

"మీ నాన్నగారిది వచ్చిందాండీ ఈ వారం?"

"వచ్చింది. తప్పని చెప్తే ఇయ్యాల గూడ నాకు తిట్లే."

వెంకటనారాయణకు కావలసింది ఒకటే. తను కట్టినది నిజమైన ఆటకట్టు కావాలి, మిషిన్ దాన్ని ఒప్పుకోవాలి, కానీ చాయ్ తాగేంత సేపైనా వెతుక్కోవాలి. పది సమస్యలు పంపాడు. నాలుగింటిని మూడు ఇంజిన్లూ రెప్పపాటులో విప్పేశాయి. మిగతా ఆరింటిలో ఆటకట్టే లేదన్నాయి. రేఖ ఆ ఆరింటి ఎదుటా ఎర్ర రంగుతో 'తప్పు' అని రాసింది.

ఆరో 'తప్పు' వచ్చినప్పుడు ఆయన నమ్మలేదు. "యాడ తప్పిచ్చుకుంటదో సూపియ్యి."

రేఖ చూపించింది. తెల్ల ఏనుగు రాజు మీదికి రాగానే, ఇంకా కదలని నల్లబంటు ఒకటి రెండు గడులు ముందుకొచ్చి అడ్డం నిలబడింది.

ఆయన తెర మీద ఆ బంటుకు వేలు ఆనించాడు. "బంటు రెండు గడులు ఎట్ల దుంకుతది?"

"మొదటిసారి పోవచ్చు నాయినా. రూల్ గదే."

"ఎవడు వెట్టిండు ఆ రూలు?"

నీళ్ల బోర్డులో చేరకముందు, ఖాజాగూడ గుట్టల్లో రాళ్లు కొట్టే రోజుల్లో ఒక ముసలి మేస్త్రీ బండ మీద బొగ్గుతో గడులు గీసి ఆయనకు ఆట నేర్పాడు. ఆ బండ మీద బంటుది ఎప్పుడూ ఒక్క అడుగే. కాలనీల దగ్గర ఆడినవాళ్లూ అలాగే ఆడారు. అరవై ఏళ్లు దాటాక మొదటిసారి తెలిసింది, లోకం వేరేలా ఆడుతోందని.

మూడు రోజులు కాగితం ముట్టలేదు. "ఆ ఆట సచ్చిందా ఏంది, గట్ల కూసున్నవ్?" అని రుక్కమ్మ కసిరింది. నాలుగో రోజు ఆయనే రేఖ దగ్గరికి వచ్చాడు. "సరే తియ్. ఎవలి కాలనీకి వాళ్ల టైమింగు. కొత్త రూలుతోనే కడ్త."

రెండు నెలలు పట్టింది. ఆ సోమవారపు కాగితం అదే.

లంచ్ అవర్‌లో రేఖ పావులు అమర్చింది. మంత్రిని ఊరికే వదులుకోవడంతో మొదలు. ఆ తర్వాత ఎవరినీ బెదిరించకుండా పక్కకు జరిగే ఒక ఏనుగు ఎత్తు. మొదటి ఇంజిన్ నాలుగు సెకన్లలో పట్టింది: తొమ్మిది ఎత్తులు. రెండోదానికి యాభై సెకన్లు. మూడోది నిమిషాల తరబడి తెల్ల ఓడిపోతుందనే చెబుతూ పోయింది. ఉమాశ్రీ అన్నం తినడం ఆపేసింది.

"ఇది తేల్చదేమోనండీ."

పదకొండో నిమిషంలో అంకెలు ఒక్కసారిగా తిరగబడ్డాయి. అదే మంత్రి, అదే ఏనుగు, తొమ్మిది ఎత్తుల్లో కట్టు. రేఖ అయిదుసార్లు నడపాలన్న సంగతి మరిచిపోయి ఫోను తీసింది.

"నాయినా, నిలవడ్డది. మూడూ ఒప్పుకున్నయ్."

"ఎంతసేపు?"

"ఒకదానికి పదకొండు నిమిషాలు."

 ఆయన ఫోను పక్కకు పెట్టి, "రుక్కమ్మా, ఇనవడ్డదా? పదకొండు నిమిషాలు పరేషాన్ చేసిన మిషిన్ని," అనడం రేఖకు వినిపించింది.

"మరి బువ్వ తింటవా, ఇంకో మిషిన్ ఉన్నదా?" అంది రుక్కమ్మ.

ఆయన తిన్నాడు. ఎప్పటికన్నా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడని రుక్కమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చెబుతుంది. తిని నడుం వాల్చాడు. నాలుగింటికి లేపబోతే లేవలేదు. గుండె నిద్రలోనే ఆగిపోయిందన్నారు దవాఖానలో.

దశదినకర్మ అయ్యాక రేఖ ఆఫీసుకు వెళ్లింది. ఆమె షీటులోని ఆ సమస్యను ఇప్పుడు ఆ అంతస్తులో నలుగురు తమ ల్యాప్‌టాప్‌ల మీద పరుగు పెట్టిస్తున్నారు, ఎవరిది ముందు కనుక్కుంటుందోనని. వాళ్లు దాన్ని 'వెంకటనారాయణ గారిది' అంటున్నారు. రేఖ నిలబడి కాసేపు చూసింది, ఒకడి సెట్టింగులు సరిదిద్దింది కూడా.

సాయంత్రం ఉమాశ్రీ దగ్గరికి వచ్చి కూర్చుంది. "రేఖగారూ, ఇంకో ఇంజిన్ ఉందటండీ. ఎన్నాళ్లుగానో ఉందట, నాకే తెలీదు. దాంట్లో ఆట నియమాలు మనమే మార్చుకోవచ్చు. మీ నాన్నగారు నేర్చుకున్న ఆటలోలాగా బంటు రెండు గడులు వెళ్లకుండా కూడా పెట్టొచ్చు."

ఇద్దరూ కలిసి అలాగే పెట్టి, ఎర్ర రంగు పూసిన ఆరు సమస్యలనూ ఒక్కొక్కటే నడిపారు. అయిదింటిలో ఆటకట్టు ఉంది, ఆయన కింద రాసినన్ని ఎత్తుల్లోనే.