చప్పుడు చెయ్యని బండి

మా ఇంటికి కరెంటు స్కూటరు వచ్చిన రోజు నుంచీ నాకు దానిమీద అనుమానమే. కంటికి ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు నన్ను బండి తోలొద్దన్నారు. మా ఆవిడ తాను నేర్చుకుంటానంది. గేర్లు లేవు, కిక్కు కొట్టక్కర్లేదు, నాకది చాలంది. సరే, కొన్నాం.

వానలో షాక్ కొడుతుందేమోనని ఓ భయం. బ్యాటరీ పేలుతుందేమోనని ఛార్జింగు పెట్టినంతసేపూ అరుగు మీద కూర్చుని కాపలా కాసేవాణ్ణి. అప్పనపల్లి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించినా నా మనసు కుదుటపడలేదు.

"మీరలా గుడ్లప్పగించి చూస్తే దానికి దిష్టి తగులుద్దండీ" అని మా ఆవిడ ఎగతాళి.

అసలు చిక్కు వేరే ఉంది. మా ఇంట్లో ఎవరు బయల్దేరినా మంచి శకునం కోసం ఇంటి ఇల్లాలు ఎదురు రావడం ఆనవాయితీ. నేను మోటారుసైకిలు కిక్కు కొట్టగానే మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, గేటు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నాకెదురుగా నడిచొచ్చేది. ఏళ్ళ తరబడి ఆ మొహం చూశాకే నేను వీధిలో అడుగుపెట్టాను.

ఈ బండికేమో చప్పుడే లేదు. పేపరు మడిచేలోగా మనిషి ఉండదు. అంబాజీపేట సంతకెళ్ళిందో, కొత్తపేటలో చెల్లెలింటికెళ్ళిందో తెలిసి చావదు.

"చెప్పే వెళ్ళేనండీ, మీరే వినలేదు" అనేది. నేను నమ్మలేదు.

ఓ రోజు మా దూడ మెడలో ఉండే పాత గంట తెచ్చి స్కూటరు హ్యాండిలుకి కట్టాను. "చప్పుడు లేకుండా వెనకనుంచి వస్తే జనం జడుసుకుంటారు" అన్నాను.

మా ఆవిడ గంట వంక చూసింది, నా వంక చూసింది. "జడుసుకునేది జనవాండీ, మీరా?"

నాకు ఒళ్ళు మండింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ మరి. బ్యాటరీ మీద అనుమానం ఎప్పుడో పోయింది. నేను తీసుకెళ్ళకుండానే ఆవిడకి అన్నీ సాగిపోతున్నాయి, ఇక నాతో పనేముంటుందన్నదే నా భయం. ఆ మాట పైకి అనలేక గంట కట్టాను.

ఆవిడ దాన్ని విప్పలేదు. మర్నాడు పొద్దున్న నేను పేపరు చదువుతుంటే వాకిట్లో అది గణగణ మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. తలెత్తి చూస్తే ఆవిడ ఆగి ఉన్న బండి మీద కూర్చుని, చేత్తో గంట ఊపుతోంది.

"ఎంతసేపు మోగించాలండీ? ఎదురు రారేంటి?"

మగవాళ్ళు ఎదురొస్తే శకునం మంచిదో కాదో నాకిప్పటికీ తెలీదు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఆవిడకెదురుగా నడిచాను.