రాజలింగం సార్ అరకిలో బాటు

కర్పూరం ఎక్కడ వెలిగినా నాకు భక్తి కలగదు, పిస్టల్ గుర్తొస్తుంది. సిరిసిల్లలో మేము అద్దెకున్న ఇంటి కింద ఒక చీరల దుకాణం ఉంది. పొద్దున షట్టరు ఎత్తగానే యజమాని పళ్లెంలో రెండు బిళ్లలు వెలిగిస్తాడు. ఆ ఘాటు మెట్లెక్కి మా వంటింట్లోకి వస్తుంది. నా కుడి భుజం దానంతటదే కుదురుకుంటుంది, ఊపిరి సగంలో ఆగుతుంది. కాలేజీలో కామర్స్ చెప్పే మనిషికి ఉండవలసిన లక్షణాలు కావివి. పెళ్లయిన కొత్తలో మా ఆయన కంగారుపడి డాక్టరుకు చూపిద్దామన్నారు. ఇప్పుడు అలవాటుపడి, నేను ఊపిరి వదిలేదాకా ఆగి చాయ్ అందిస్తున్నారు.

పోటీ పిస్టల్‌కు గొట్టం కొసన ఒక చిన్న దిమ్మె, వెనక ఒక గాడి ఉంటాయి. దిమ్మె ముందు సైటు, గాడి వెనక సైటు. గాడి నడుమ దిమ్మె నిలబడి, దానికి రెండు వైపులా సమానంగా వెలుతురు సందులు కనిపిస్తే చూపు కుదిరినట్టు. దిమ్మె మీద ట్యూబులైటు మెరిసిందంటే కన్ను ఆ మెరుపునే అంచు అనుకుని మోసపోతుంది. అందుకని రాజలింగం సార్ రోజూ పిస్టల్‌కున్న గాలి సిలిండరు విప్పి దూరంగా పెట్టి, కర్పూరం వెలిగించి, ఆ పొగ మసిని సైట్లకు పట్టించేవారు. కోరుట్లలో ఒక పాత తునికాకు గోదాములో ఆయన ఎయిర్ పిస్టల్ నేర్పేవారు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న తుమ్మ కర్రలా ఉండేవారు. ఆ గోదాము నుంచి ఎవరూ ఏ జట్టుకూ ఎంపిక కాలేదు. ఇది ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు ఆశపెట్టిన పాపం నాకు అంటదు.

నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు బస్సెక్కి కోరుట్ల వెళ్లేదాన్ని. బీడీలు చుట్టే మా అమ్మకు ఈ సంగతి చెప్పిన రోజు ఆమె చేతిలో ఆకు చిరిగింది.

"తుపాకి వడుతవా? నలుగురు సూస్తె ఏమనుకుంటరే?"

"గాలి తుపాకే అమ్మా. ఛర్రాలు కొడతది, గంతే."

"గాలి కోసం కోరుట్ల దాక పోవుడెందుకు? ఈడ గాలి లేదా?"

మర్నాడు సాయంత్రం మళ్లీ కోరుట్ల బస్సెక్కాను.

మొదట చాలా రోజులు సార్ నాకు చిన్న సీసపు ఛర్రా ఒక్కటి కూడా ఇవ్వలేదు, గురి కూడా ఇవ్వలేదు. ఖాళీ పిస్టల్ చేతికిచ్చి తెల్లగోడ ముందు నిలబెట్టారు. "కొట్టు బిడ్డా" అన్నారు. గోడ ఏం పాపం చేసింది సార్ అన్నాను. "గోడ ఎటూ పోదు. నువ్వే పోతున్నవ్, అటు ఇటు. నీ ముందు సైటును జూడు." చూశాను. గాలికి కదిలే గోగుపువ్వులా ఊగుతోంది. కొన్నాళ్లకు గోడ మీద నల్ల గుండ్రం అంటించారు. దాన్ని చూస్తే దిమ్మె మసకబారుతుంది, దిమ్మెను చూస్తే గుండ్రం మసకబారుతుంది. గురి కనబడకపోతే ఎలా కొట్టేది సార్ అని గొణిగాను. "గురి ఎటువోతది? గోడకు అంటవెట్టిన. కదిలేది నీ చెయ్యి. కదిలేదాని మీద కన్ను వెట్టు, గురి మసకగనే ఉండనీ" అన్నారు. ఆయన దేన్నీ రెండోసారి చెప్పేవారు కాదు. రెండోసారి అడిగితే చాయ్ తాగడానికి బయటికి వెళ్లిపోయేవారు. తిరిగొచ్చేసరికి మనకే అర్థమై ఉండాలి.

పిస్టల్ పట్టుకునే పద్ధతి విషయంలో మాత్రం చాయ్ కూడా మానేసేవారు. మూతి ఎప్పుడూ గురిగోడ వైపే ఉండాలి. కాల్చే క్షణం వరకూ వేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన ఉండాలి. బల్ల మీద పెట్టే ముందు తెరిచి, గొట్టంలోంచి ఎర్ర దారం దూర్చి, అది రెండు కొసలా కనబడేలా ఉంచాలి. ఒకసారి గోదాము యజమాని గంగాధర్ వచ్చాడు. దుబాయిలో చాలాకాలం చేసి వచ్చినవాడు, సరదా మనిషి. బల్ల మీది పిస్టల్ తీసి, దారం లాగి పారేసి, నవ్వుతూ సార్ ఛాతీకి ఎక్కుపెట్టాడు.

సార్ కదల్లేదు. "అన్నా, మూతి గోడ దిక్కు వెట్టు" అన్నారు మెల్లగా.

"ఖాళీగున్నది గద సార్! గింత భయమా మిల్ట్రోనికి?"

"ఖాళీ తుపాకి నేనైతె ఎన్నడు చూడలే అన్నా. ఖాళీ అనుకున్నోళ్లను చూసిన. ఇద్దరిని మోసిన."

గంగాధర్ నవ్వు ఆగింది. పిస్టల్ పెట్టేశాడు. సార్ దాన్ని తెరిచి చూసి, దారం మళ్లీ దూర్చి, "ఇగ నువ్వు బయటికి నడువు అన్నా" అన్నారు. సొంత గోదాము నుంచి బయటికి గెంటించుకున్న మనిషి దాన్ని సులభంగా మరిచిపోడు. మరో నెలలో, అక్కడ ఫంక్షన్ హాలు కట్టాలనుకుంటున్నానని కబురు పెట్టాడు. మధ్యలో ఎవరో పెద్దమనిషి సర్దిచెబితే ఒక మాట మాత్రం ఇచ్చాడు. వచ్చే రాష్ట్ర పోటీల్లో ఈ గోదాము నుంచి ఒక్కరైనా జట్టుకు ఎంపికైతే ఉండనిస్తాడు. లేకపోతే తాళంచెవులు ఇచ్చెయ్యాలి. అప్పటికి అక్కడ మిగిలిన నలుగురిలో కాస్త కొట్టగలిగింది నేనొక్కదాన్నే. ఇది నా ప్రతిభకు సాక్ష్యం కాదు, ఆ మిగతా ముగ్గురికి సాక్ష్యం.

ఇక్కడ బాటు అనే తూకపురాయి సంగతి చెప్పాలి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం అరకిలో బరువును మొయ్యాలని నియమం. పిస్టల్ మూతి పైకి పెట్టి నిలబెట్టి, ట్రిగ్గర్‌కు అరకిలో బాటు తగిలించి ఎత్తుతారు. ట్రిగ్గర్ పడకుండా బాటు బల్ల మీంచి లేస్తే సరే. టక్‌మని పడితే, ఆ పిస్టల్ మరీ తేలిగ్గా కాలుతుందని అర్థం, కాల్చినవాళ్లు పోటీలోంచి బయటికి. తేలికైన ట్రిగ్గర్ అయితే వేలు నొక్కినట్టే ఉండదు, తలచుకుంటే చాలు. అందుకే అందరూ ఆ అరకిలో అంచుకు వీలైనంత దగ్గరగా బిగించుకుంటారు. సార్ దగ్గర దానికోసం ఒక ఇనుప బాటు ఉండేది. మెట్‌పల్లి దగ్గర వాళ్ల ఊళ్లో వాళ్ల నాన్న కిరాణా దుకాణం నడిపేవారట. ఆయన పోయాక దుకాణం మూసి, అన్నదమ్ములు తలా ఒకటి తీసుకుంటే సార్ బాటు తెచ్చుకున్నారు. దానికి బైండింగు తీగతో కొక్కెం చేశారు. ఆ తీగ బరువు ఎక్కువ కలుస్తుంది కనుక బాటు అంచు కాస్త అరగదీద్దామనుకున్నారట. ఆకురాయి చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశారట. "మా నాయినను ఊరంత ధర్మరాజు అనేది బిడ్డా. ఆయన బాటు మీద ఆకురాయి వెడితె చెయ్యి కాలుతది" అన్నారు. అప్పటిదాకా జిల్లా పోటీల్లో ఎవరూ ట్రిగ్గర్ తూచలేదు. సార్ కూడా ఎప్పుడూ కాస్త బరువుగానే ఉంచేవారు. ఈసారి మాత్రం, గోదాము పోతుందని, బల్ల మీదకు వంగి ట్రిగ్గర్ మరను వెంట్రుకవాసి తిప్పుతూ, బాటు తగిలించి ఎత్తుతూ, మళ్లీ తిప్పుతూ కూర్చున్నారు. చివరికి నా చేతికిచ్చి, "ఇప్పుడు సరిగ్గ ధర్మరాజే" అన్నారు.

హైదరాబాద్‌లో పోటీ రోజు పొద్దున, తనిఖీ బల్ల దగ్గర ఎవరైనా తమ ట్రిగ్గర్ చూపించుకోవచ్చని చెప్పారు. ఒకసారి చూపిద్దామా సార్ అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు. నేను ఆయన ఇంట్లో అన్నం తిని, ఉప్పు సరిపోయిందో లేదో పక్కింట్లో అడిగొస్తానన్నట్టు చూశారు. నేను తనిఖీ బల్ల దాటి ముందుకు నడిచాను.

ఆ రోజు నేను కొట్టినట్టు మళ్లీ ఎప్పుడూ కొట్టలేదు, మళ్లీ కొట్టే అవసరం రాలేదు కూడా. దిమ్మె గాడిలో నిలబడింది, గుండ్రం వెనకెక్కడో మబ్బులా ఉంది. వేలు ఎప్పుడు నొక్కిందో నాకే తెలియలేదు. అయిపోయి వెనక్కి తిరిగితే సార్ కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. బోర్డు మీద నా పేరు జట్టులోకి వచ్చే చోట ఉంది. అప్పుడు చీటీ తీసి కొందరి పిస్టల్స్ తూస్తామన్నారు. నా చీటీ వచ్చింది.

టక్. రెండోసారి టక్. మూడోసారి కూడా.

"మూడు అవకాశాలు ఇచ్చాం అమ్మా" అన్నాడు బల్ల దగ్గరి అధికారి. నిజంగానే బాధపడుతున్నట్టే ఉన్నాడు.

సార్ ముందుకొచ్చారు. "మీ బాటు ఎక్కువున్నది" అన్నారు.

"దీనికి ముద్ర ఉంది సార్."

సార్ సంచిలోంచి తన బాటు తీసి, తగిలించి, ఎత్తారు. ట్రిగ్గర్ పడలేదు. బాటు మర్యాదగా గాల్లోకి లేచింది. "సూడుర్రి! మా నాయినది ఇది. మా నాయిన ఎన్నడు అబద్ధమాడలే!" అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదలు. హాలంతా తిరిగి చూసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి తల వంచుకుని కాగితం మీద నా పేరు కొట్టేశాడు.

మర్నాడు జగిత్యాలలో ఒక కంసాలి దుకాణానికి వెళ్లాం. సార్ నన్ను సాక్షిగా పిలిచారు. అధికారి బాటు తప్పని తేలుతుందని ఆయన నమ్మకం. కంసాలి బాటును ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టాడు. అంకె పరుగెత్తి, అయిదు వందల దాకా పోయే ఓపిక లేనట్టు ముందే ఆగింది. అతను బాటు తిరగేశాడు. అడుగున సీసం ఉండవలసిన గుంతను గోటితో గీకి, వాసన చూశాడు.

"సీసం తీసి లక్క నింపిండు సార్. మా పనిల వాడేదే. మస్తు సాఫ్‌గ నింపిండు. ఎవలో గని పనిమంతుడు."

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. సార్ బాటు జేబులో వేసుకుని, "నడువు బిడ్డా, ఊరికి పోయొద్దాం" అన్నారు.

వాళ్ల ఊళ్లో మూసేసిన ఆ దుకాణం అరుగు మీద పోసవ్వ అనే ముసలామె కూర్చుని ఉంది. ఆ దుకాణంలో జీవితమంతా సరుకులు కొన్న మనిషి. సార్ ఆమె ముందు నిలబడి బాటు చూపించారు. సైన్యంలో పై అధికారి ముందు తప్పు ఒప్పుకునేవాడిలా ఉన్నారు.

"అవ్వా, మా నాయిన మిమ్ముల మోసం జేసిండు. గీ బాటు తక్కువున్నది."

పోసవ్వ బాటు వైపు చూడనుకూడా లేదు. "గది మాకెరుకే గద కొడుకా."

"ఎరుకేనా?"

"ఎరుక లేకేంది? గందుకే గద కొసరు ఏపిచ్చుకునేది. తూసినంక ఓ గుప్పెడు ఎక్కువేసెటోడు. మా లెక్క మాకు, ఆయన లెక్క ఆయనకు. మంచోడే మీ నాయిన."

"ఊరందరికి ఎరుకేనా అవ్వా?"

"ఎరుక లేనిది నీకే. నువ్వు మిల్ట్రిల ఉంటివి. కూసో, చాయ్ తాగుదువు."

ఆయన కూర్చోలేదు. తండ్రి ఊరిని మోసం చేసి ఉంటే సార్ తట్టుకునేవారనుకుంటాను. క్షమాపణ అడగడానికే వచ్చారు. క్షమించాల్సిన వాళ్లెవరూ లేకపోయారు. ఆ ఊళ్లో అరకిలో అంటే ఒక బాటు, ఒక గుప్పెడు. అది అందరికీ తెలిసిన తూకం. ఆ బాటును ఉత్త బాటుగా నమ్మినవాడు లోకంలో ఒక్కడే, అతను దాని మీద తన జీవితమంతా సరిచూసుకున్నాడు. ట్రిగ్గర్‌కు గుప్పెడు కొసరు వేసేవాళ్లు లేరు.

ఆ వారమే సార్ గంగాధర్‌కు తాళంచెవులు ఇచ్చేశారు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలుంది. మా దోస్తు పెళ్లి అందులోనే అయింది, భోజనాలు బాగున్నాయి. సార్ ఇంటికి నేను అప్పుడప్పుడూ వెళ్లేదాన్ని. కిటికీ దగ్గర కూర్చుని ఉండేవారు. పిస్టల్ గురించి మాట్లాడేవారు కాదు. ఒకసారి మాత్రం, "నువ్వు మంచిగ కొట్టినవ్ బిడ్డా" అన్నారు. వెంటనే ఆగి, "నాకు గట్లనే అనిపించింది మల్ల, ఏమో" అని కలిపారు. ఆ "ఏమో" అంతకుముందు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. సుగర్ మందులు వేసుకోవడం మానేశారని వాళ్లావిడ తర్వాత చెప్పింది. పోయినప్పుడు మనిషి మరీ తేలికైపోయారని పాడె మోసినవాళ్లు అనుకున్నారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న గురి ఎప్పుడో పోయింది. మిగిలింది వేరే. నాకు ఇష్టమైనవాళ్లు ఏ మాట చెప్పినా దాన్ని ఇంకోచోట తూయించాలనిపిస్తుంది. మా ఆయన పులుసు బాగుందంటారు. సంతోషిస్తాను. ఆ తర్వాత లోలోపల కంసాలి దుకాణం వైపు నడుస్తాను. పాపం, ఆయనకు తెలియదు. పిల్లలు నా పాఠం అర్థమైందంటే కూడా అంతే.

ఒక్కటి మాత్రం ఎక్కడా తూయించలేదు. నేను నడక నేర్వకముందే మా నాన్న మస్కట్ వెళ్లి, అక్కడే పోయారు. "మీ నాయిన అసొంటి మంచోడు మల్ల పుట్టడే" అని అమ్మ ఇప్పటికీ బీడీలు చుడుతూ అంటుంది. అక్కడ ఆయనతో ఒకే గదిలో ఉన్న మనిషి ఇప్పుడు కోరుట్లలోనే, బస్టాండు ఎదురుగా టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. నన్ను చూస్తే పలకరించాలని అతనికి ఉంటుందట, ఎవరో చెప్పారు. కోరుట్లలో బస్సు దిగినప్పుడల్లా నేను వెనక గేటు నుంచి బయటికి వెళ్తాను. అటు దారి దూరం, బురద కూడా ఎక్కువే.