రెండు కాళ్ళ పాట

హిందూపురంలో రైలు కదిలాక ఎదుటి సీటు పెద్దాయన కాలు నా కాలికి తగిలింది. వెంటనే వంగి నా పాదం ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"తప్పయిందమ్మా. ఈ పాటలు వింటే కాళ్ళు ఊరికుండవు" అంటూ ఇయర్‌ఫోన్ ఒకటి నాకిచ్చాడు. భజనలు తప్ప ఎరగని నా చెవిలో పిడుగులు పడ్డాయి.

"హెవీ మెటల్ అంటారు. ఈ ఆల్బం కొత్తగా వచ్చినప్పుడు బెంగళూరులో క్యాసెట్ తెచ్చుకుంటి. అంతవరకూ నాకు పాటంటే గొంతే. దీంట్లో డ్రమ్ములాయప్ప రెండు కాళ్ళతో వాయిస్తాండాడు. మేమూ ధర్మవరంలో మగ్గం గుంటలో దిగి రెండు కాళ్ళతోనే తొక్కేది. అందరూ చీర అంచు బాగుండాదంటారు, గుంటలో కాళ్ళనెవరు జూస్తారు? మా కాళ్ళ పని గూడా పాటేనని అప్పుడనుకుంటి."

"ఇప్పుడూ నేస్తారా?"

రైలు పెనుకొండ దాటింది.

"మోకాళ్ళు అరిగినాయి, ఇంక గుంటలో దిగొద్దని ఈపొద్దే డాక్టరు చెప్పినాడు. ఇంట్లో చెప్పల్ల. ఈ కాళ్ళకు గూడా ఇంకా చెప్పలేదమ్మా" అని నవ్వాడు.

ఆ రోజు నేను కట్టుకున్నది ధర్మవరం చీరే.

ధర్మవరం స్టేషన్ వచ్చింది. ఆయన కాళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. లేచేటప్పుడు నా కాలు ఆయనకు తగల్లేదు. అయినా వంగి, ఆయన పాదం ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను.