సాల్మియా గోడ మీద మనవాడు

నేను వేసే ముఖాలకు ఒకటే జబ్బు. అవి ఎవరివో, అచ్చం వాళ్లలాగే ఉంటాయి.

ఈ జబ్బు కడప జిల్లాలో సినిమా బ్యానర్లు వేసే రోజుల్లో అంటుకుంది. హీరో మీసానికే ఒక బకెట్ నల్లరంగు పట్టేది. ముక్కు మీద ఇద్దరం కూర్చుని ఇడ్లీలు తినేవాళ్లం. ఊరి చివర బస్సు దిగిన ముసలమ్మ సైతం అక్కడినుంచే ముఖం గుర్తుపట్టి దండం పెట్టాలి. పెట్టకపోతే మా గురువు బ్యానర్ దించేయించేవాడు. ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చి మమ్మల్ని చుట్టచుట్టి మూలన పడేశాయి. నేను కువైట్ వచ్చి పడ్డాను. పద్నాలుగేళ్లుగా ఇక్కడి విల్లాల గోడలకు లేత గోధుమ రంగు వేస్తున్నాను. ఆ రంగంతా తీసి పరిస్తే ఎడారికి రెండు కోటింగులు వస్తాయి. ఇన్నేళ్లలో ఒక్కరైనా నన్ను ఒక కన్ను గీయమనలేదు.

కిందటేడు సాల్మియాలో సముద్రం పక్కన కొత్త రెస్టారెంటు తెరుస్తూ నన్ను పిలిచారు. మెక్సికో తిండి. మొక్కజొన్న రొట్టెలో మాంసం చుట్టి పెడతారు. లోపలి గోడ పొడవు చూసి నాకు కళ్లు తిరిగాయి. ఉగాదికి ఈ చివర మొదలుపెడితే ఆ చివరకు దీపావళికి చేరతానేమో అనిపించింది.

డిజైన్ చూసే ఈజిప్టు మేడమ్ ఫోన్లో మెక్సికో గోడలు చూపించింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. గోడల నిండా కూలీలు. కంకులు మోసేవాళ్లు, గనులు తవ్వేవాళ్లు, బిడ్డను వీపుకు కట్టుకున్న ఆడవాళ్లు. ఒక్కొక్కరి అరచెయ్యి మడతమంచమంత ఉంది. వందేళ్ల కింద అక్కడ విప్లవం అయ్యాక సర్కారే బళ్ల గోడలూ ఆఫీసుల గోడలూ చిత్రకారులకు అప్పగించిందట. చదువురాని జనం తమ కథ తామే చూసి తెలుసుకోవాలని. రాజులకిచ్చే కొలతలు కూలివాళ్లకిచ్చారట. "సర్కారు గోడ మీదే సర్కారుని కడిగేసేవాళ్లు కూడా," అంది మేడమ్. వాళ్లలో ఒకాయన చేత అమెరికాలో ఒక పెద్ద ధనవంతుడు బొమ్మ వేయించుకున్నాడట. అందులో తనకు గిట్టని నాయకుడి ముఖం ఒకటి కనిపించేసరికి గోడ మొత్తం పగలగొట్టించాడట. నేను నవ్వాను. ఒక్క ముఖానికి ఇంత రాద్ధాంతమా అని. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

మేనేజరు కేరళ ఆయన. తుపాకులొద్దు, జెండాలొద్దు, బిగించిన పిడికిలి ఒక్కటి కూడా వద్దు, మొక్కజొన్న మాత్రం ఎంతైనా వేసుకోమన్నాడు. అంటే విప్లవాన్ని ఒలిచేసి పొత్తులు మిగల్చమన్నమాట. ఎదురుగా కూర్చుని తినేవాళ్లకు అరగాలి కదా.

మరి కూలీలు కావాలి. మెక్సికో కూలీ ఎలా ఉంటాడో నేనెప్పుడూ చూడలేదు. అబ్బాసియాలో మా గదిలో మాత్రం నాతో కలిపి ఆరుగురం ఉన్నాం. బ్యానరు రోజుల్లో ఫొటో అందకపోతే ఎదురుగా ఉన్న మనిషినే దించేవాళ్లం. ఆ అలవాటు చేతికి గుర్తుంది. మా గదిలోని రాయచోటి డ్రైవర్‌కు బొమ్మలో గునపం ఇచ్చాను. నన్ను నేను ఒక గాడిద వెనక నిలబెట్టుకున్నాను. మధ్యలో ఉండాల్సిన మనిషి కోసం వెతకనే అక్కర్లేదు. ఆ దవడ ఎముకలు, ఆ లోతు కళ్లు శుక్రవారం మా గదిలో కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నాయి.

"ఏందన్నా, గంతగనం సూస్తున్నవ్?"

"ఊరికేరా అబ్బీ. చెయ్యి ఊరుకోక గీస్తాండా."

ఎందుకో చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ఇంటి పని వీసా మీద వచ్చాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో పెట్టుకోకుండా తీసుకెళ్లి ఎడారిలో ఒంటెల దగ్గర వదిలేశాడు. ఒక ఒంటె అతని ఎడమ చెవి పైఅంచు కొరికేసింది. ఏడాది ఓర్చుకుని అక్కడినుంచి వచ్చేశాడు. ఇతను పారిపోయాడని కఫీల్ కేసు పెట్టాడు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రద్దయింది. అప్పటినుంచి రెండేళ్లుగా మా గదిలో వంట చేస్తూ, కిరాణా కొట్టు వెనకవైపు మూటలు దించుతూ క్షమాభిక్ష కోసం చూస్తున్నాడు. సర్కారు అప్పుడప్పుడూ అలా ప్రకటిస్తుంది. అప్పుడు కాగితాల్లేనివాళ్లు జైలు చూడకుండా ఇంటికి పోవచ్చు. అప్పటిదాకా దొరక్కుండా ఉండాలి. దొరికితే జైలే. అందుకని టమాటాలకు కిందికి దిగాలన్నా కిటికీలోంచి వీధి ఈ కొసా ఆ కొసా రెండుసార్లు చూసేవాడు.

అలాంటి మనిషిని నేను పన్నెండడుగుల ఎత్తున గీశాను. భుజం మీద కంకుల మోపు పెట్టాను. ముఖమే మూడడుగులు. ఆ కొరికిన చెవికి రెండు రోజులు పట్టింది. నీడతో సహా దించాను. ఇలాంటి చెవి లోకంలో ఏ చిత్రకారుడూ వేసి ఉండడని పొంగిపోయాను. చివర్లో కుడి మూల, మన ఊళ్లలో గోడ రాసేవాళ్లంతా చేసేట్టే, నా మొబైల్ నంబరు రాశాను.

రెస్టారెంటు తెరిచిన వారానికి ఆ గోడ ఫొటో ఫోన్లో మా గదికి వచ్చింది.

"అన్నో, ఇది జూడు," అన్నాడు రాయచోటి డ్రైవర్. "మోపు మోసేది ఎవురనుకున్యావు? మనోడే. గునపం పట్టుకోనుండేది నేను. నా పొట్ట తగ్గించినావు గదన్నా, అల్లా నిన్ను సల్లగ జూడాల. ఈ గాడిద మాత్రం ఎవురో తెలీలా."

"దాని ఎనక నిలబడిండేటోన్ని అడుగు," అన్నారు ఇంకొకరు.

గదంతా నవ్వింది. జగిత్యాల తమ్ముడు ఫోన్ అందుకుని చాలాసేపు చూశాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఎంత పెద్దగ గీసినవన్నా?"

"పన్నెండడుగులు."

"రెండేండ్ల సంది నన్ను నేను చీమంత జేస్కున్న. గోడలకు ఒత్తుకోని నడిసిన. నువ్వు తీస్కపోయి గోడ మీదికే ఎక్కిస్తివి."

తిట్టలేదు. ఫోన్ తిరిగిచ్చి, అన్నం గిన్నె మీద మూత సరిచేశాడు.

మర్నాడు బ్రష్షులు పట్టుకుని సాల్మియాకు పరుగెత్తాను. ముఖం కొంచెం దిద్దుతాను, ముక్కు వంకరపోయింది అన్నాను. మేనేజరు ఒప్పుకోలేదు. ఓనరుకు నచ్చిందే ఆ ముఖమట. వెనక గదిలోకి తీసుకెళ్లి చూపించాడు. నేల నుంచి సీలింగ్ దాకా పార్సిల్ డబ్బాలు. ప్రతి డబ్బా మీదా అతనే, చెవితో సహా. నేను ఒక మనిషిని ఒక్కసారి గీశాను. వాళ్లు అతన్ని పదివేల మందిని చేశారు.

ఇంకో రెండు వారాలకు డెలివరీ బైకుల వెనక పెట్టెలకు కూడా ఎక్కించారు. కువైట్‌లో ఆ ముఖం వెళ్లని వీధి లేదు. ఏ హీరోకూ అంత ప్రచారం దొరకదు. సిగ్నల్ దగ్గర ఆగితే నా ముందు అతనే, పక్కన అతనే, పెట్రోలు బంకులో అతనే. పోలీసు స్టేషన్లకు కూడా పార్సిళ్లు వెళ్తాయి కదా. ఎవరో ఆఫీసరు డబ్బా ముందు పెట్టుకుని, మూత తీయకుండా దాని వంకే చూస్తూ కూర్చున్నట్టు కలలొచ్చేవి. జగిత్యాల తమ్ముడు కిందికి దిగడం మానేశాడు. మూటల పనీ పోయింది. కిటికీ అద్దానికి పాత పేపర్లు అంటించాం. లిఫ్ట్ మా అంతస్తులో ఆగిన ప్రతిసారీ ఆరుగురం మాటలు మింగేసేవాళ్లం.

ఒక మంగళవారం మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ముసలి గొంతు. అరబీలో హిందీ కలిపి మాట్లాడింది. సాల్మియా గోడ వేసింది నువ్వేనా, కొత్త ఇంట్లో బొమ్మ కావాలి, ఆ రెస్టారెంటుకే రా, గోడ చూస్తూ మాట్లాడుకుందాం అంది. పద్నాలుగేళ్ల తర్వాత రెండో గోడ. ఎగురుకుంటూ వెళ్లాను.

గోడకు ఎదురు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడాయన. తెల్లటి దుస్తులు, గోరింటాకు పెట్టిన గడ్డం. నాకు నిమ్మరసం తెప్పించాడు. ముందురోజు మనవరాళ్లు ఇక్కడికి లాక్కొచ్చారని చెప్పాడు. తర్వాత గోడ వంక చూపించాడు.

"ఆ మధ్యలో మనిషి ఎవరు?"

"మెక్సికో మనిషి, బాబా. చచ్చిపోయి వందేళ్లయింది. పుస్తకంలో చూసి వేశాను."

"పుస్తకంలో చెవి కూడా అలాగే ఉందా?"

నిమ్మరసం గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "ఆ దేశంలో అందరి చెవులూ అంతే బాబా. ఎండ ఎక్కువ."

ఆయన మెల్లగా నవ్వాడు. నా భుజం మీద చెయ్యేసి నిమిరాడు.

"ఆ చెవిని కొరికిన ఒంటె ఇంకా నా దగ్గరే ఉంది. అతన్ని గురువారం నా దగ్గరికి రమ్మను. కేసు తీసేస్తాను. టికెట్టు నేనే కొనిస్తాను. రాకపోతే ఈ ఫొటో, నీ నంబరు, రెండూ స్టేషన్‌లో ఇస్తాను. ఖలాస్."

బొమ్మ వేయాల్సిన కొత్త ఇంటి ఊసు మళ్లీ ఎత్తలేదు.

గదికి వచ్చి అంతా చెప్పాను. జగిత్యాల తమ్ముడు నా కళ్లలోకే చూస్తూ విన్నాడు.

"ఎట్లుండె మనిషి? కోపంగున్నడా?"

"లేదబ్బీ. శానా మెత్తగా మాట్లాడినాడు. నా భుజం గూడా నిమిరినాడు. నాకైతే మంచోడే అనిపించినాడు."

"నీకు అనిపించుడు గాదన్నా. గీయి."

బియ్యం సంచి మీద కూర్చుని, చిరిగిన అట్టపెట్టె ముక్క ఒకటి తీసుకుని పెన్సిల్‌తో గీశాను. గడ్డం, నుదుటి మడతలు, ఆ నవ్వు. నా చెయ్యి ఎప్పటిలాగే ఏదీ దాచలేదు. అతను అట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అంటించిన పేపరు ఒక మూల ఎత్తి ఆ వెలుతురులో చూశాడు.

"గీ కండ్లు సూడన్నా. ఒంటెను అమ్మే పొద్దు దాని మెడ నిమిరేటోడు. గప్పుడు కండ్లు గిట్లనే పెట్టేటోడు. నిమిరినంక మల్ల ఆ ఒంటె మందల కనవడకపోయేది."

అట్టను నా చేతికి తిరిగిచ్చి, మంచం కింది నుంచి సంచి లాగాడు. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి.

"యాడికి పోతావురా?" అన్నాడు డ్రైవర్. "నా బండిలో దిగబెడతా."

"వద్దన్నా. నేనేడికి పోతున్ననో మీకు తెల్వకుంటెనే మంచిది. అడిగితే తెల్వదని చెప్తరు. అది అబద్ధం గాదు."

డ్రైవర్ తన టోపీ తీసి అతని తలకు పెట్టాడు. నేను తలుపు దాకా వెళ్లాను. ఇంకో ముఖం వేస్తే చెయ్యి నరుక్కుంటాను అందామనుకున్నాను. అతనికి దాంతో ఏం పని?

"పది దినాల్లో క్షమాభిక్ష వస్తాదంట అబ్బీ. అబ్బాసియా అంతా ఇదే మాట."

"గీ మాట ఎంతమంది అనంగ ఇన్నవన్నా?"

పదివేల మంది అనబోయాను. అతను నన్నే చూస్తున్నాడు.

"ఒకడు," అన్నాను.

"ఎవలు?"

"నేనే."

అతను తల ఊపి, టోపీని చెవుల మీదికి లాక్కుని మెట్లు దిగాడు. గురువారానికి ఇంకా రెండు రోజులున్నాయి.