పడవ అడుగున బొబ్బలు

ప్రొద్దుటూరులో నాకు ఫైబర్ పని షాపు ఉండేది. నీళ్ల ట్యాంకులు, జీపు టాపులు చేసేవాణ్ణి. జమ్మలమడుగు అవతల రిజర్వాయర్లో జనాన్ని తిప్పే ఫైబర్ పడవకు అడుగున బొబ్బలు లేచినాయని దాని కాంట్రాక్టరు నన్ను పిలిపించినాడు. చిక్కుడు గింజంత బొబ్బలు, అడుగంతా. గీకి, పుట్టీ పెట్టి, రంగేసి మూడు రోజుల్లో ఇచ్చేసినా. ఏడాది తిరక్కుండానే మళ్లీ లేచినాయి.

ఈసారి ఆయన పులివెందుల నుంచి ఇంకొకణ్ణి తెచ్చినాడు. వాడూ నేనూ ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చినోళ్లమే. ఉస్తాదు నా పని చూసి తలూపేవాడు. వాడి పని మాత్రం పదిమందిని పిలిచి చూపించేవాడు. అప్పటినుంచే వాడంటే నాకు కడుపుమంట.

ఉండబట్టలేక చూసొద్దామని పోయినా. వాడు ఒక్కో బొబ్బనూ తెరిచి, లోపలి పుల్లవాసన నీళ్లు కడిగేసి, పడవను బోర్లించి ఎండకు వదిలినాడు. తడి పోకుండా మూస్తే మళ్లీ ఉబ్బుతుందని, రెండు నెలలు ఆరినాక నీళ్లు దిగనియ్యని ఎపాక్సీ పూత పూయాలని చెప్పినాడు.

"నువ్వు శానా తొందరపడినావప్పా, అంతే."

తప్పు పట్టినట్టు కూడా అనలేదు. దానికే నాకు ఇంకా మండింది.

ఏ ఊరు, ఏ పార్టీ అని అడిగి గానీ మనిషిని లోపలికి రానియ్యని రోజులవి. టీ అంగట్లో కాంట్రాక్టరు డ్రైవరుతో, ఆ పులివెందులోడు అవతలి వర్గానికి జీపు టాపులు కడతాడంట అని ఒక మాట వదిలినా. నిజమో కాదో నాకే తెలీదు. మూడో రోజు కాంట్రాక్టరు మనుషులు నలుగురు పోయి వాణ్ణి కొట్టి, సామాను రోడ్డు మీద పారేసినారు.

మిగతా పని నాకే వచ్చింది. వాడు చెప్పినట్టే రెండు నెలలు ఆరనిచ్చి ఎపాక్సీ పూసినా. ఆ తర్వాత ఒక్క బొబ్బా రాలేదు. కాంట్రాక్టరు అందరి ముందరా నన్ను మెచ్చుకుంటాంటే, ఆ మెప్పు వాడిదేనని తెలిసి సిగ్గు కన్నా ముందు కుళ్లే వచ్చేది.

చాన్నాళ్లకు పులివెందుల బస్టాండులో వాడే ఎదురై పలకరించినాడు. దాచలేకపోయినా.

"ఆ మాట చెప్పింది నేనేప్పా."

"తెలుసు. డ్రైవరే చెప్పినాడు," అని, "పడవ బాగుండాదా?" అని అడిగినాడు.

బాగుందన్నా. వాడు తలూపి బస్సెక్కినాడు. అంత జరిగినాక కూడా వాడు పని గురించే అడిగినాడే అని, ఆడనే నిలబడి ఇంకోసారి కుళ్లుకున్నా.