వెయ్యి కిలోమీటర్ల పథ్యం

కారు కొన్న రోజే, దాంతోబాటు ఇచ్చిన పుస్తకం తెరిచి కూర్చున్నాడు మా ఆయన. వెయ్యి కిలోమీటర్లు నిండేదాకా అరవై దాటకూడదు, గట్టిగా తొక్కకూడదు, ఒకే వేగంతో చాలాసేపు పోకూడదు. నడిపేది నేను. ఆయనకు నడపడం రాదు. రాని మనిషికే పట్టింపులెక్కువ. తిరుపతి నుంచి పుత్తూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీ దాకా పక్కసీట్లో కూర్చొని స్పీడు ముల్లు మీదనుంచి కళ్లు తీసేవాడు కాదు. కోళ్ల వ్యాను కూడా హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయేది.

"మెల్లిగా పోమ్మే. కొత్త ఇంజన్ను పచ్చి బాలింత మాదిరి సూసుకోవల్ల."

"నేను బాలింతగా ఉన్నెప్పుడు యాడ పోయింది ఈ జాగ్రత్త?"

"నీతోబాటు మీ నాయన పుస్తకం ఇయ్యలేదు కదా."

నవ్వాగక బండి పక్కకు తీయాల్సి వచ్చింది.

వెయ్యి నిండకుండానే ఆయన పోయాడు. ఇంట్లో, కుర్చీలో, కాఫీ తాగుతూ. కర్మాంతరాల నాడే మా వదిన అది అచ్చిరాని బండి, అమ్మేయమంది. మనిషి పోయింది కుర్చీలో అయితే కారునంటారేం, కుర్చీని అమ్మమనండి అన్నాను. మళ్లీ ఎవరూ ఆ మాటెత్తలేదు.

మిగిలిన దూరం ఒక్కదాన్నే నడిపాను. కాలేజీ సంచి పక్కసీట్లో పెడితే, బెల్టు పెట్టుకోమని బండి మోగింది. సీటు మీద బరువుంటే మోగుతుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. సంచిని వెనక సీట్లో వేయొచ్చు. వేయలేదు. దానికి బెల్టు పెట్టాను. ముల్లు అరవై దగ్గరికి పోతే చాలు, "మెల్లిగా పోమ్మే" అని ఎడమ చెవిలో వినబడేది. నేనూ ఊరుకోలేదు. మాటకు మాట అంటూనే నడిపాను.

వెయ్యి నిండింది. సర్వీసు చేసిన మెకానిక్, ఇంక ఎంత స్పీడుగా పోయినా భయం లేదన్నాడు. నాకు అప్పుడే భయం పట్టుకుంది. పథ్యం అయిపోతే, నాకు చెప్పడానికి ఆయన దగ్గర ఇంకేం మిగిలినట్టు?

రేణిగుంట దాటాక కావాలనే తొక్కాను. ఎనభై. తొంభై. తిట్టు కోసం చెవి ఎడమవైపే పెట్టుకొని ఉన్నాను. టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నోరు పడిపోయిందా?" అన్నాను, సంచి వైపు చూసి.

కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. యాభై, మళ్లీ అరవై, మళ్లీ నలభై. ఒకే వేగంతో పోకూడదు కదా. వెనక కోళ్ల వ్యాను హారన్ కొడుతూనే ఉంది.