అప్పన్న పాట మీద కూర్చున్న పండితుడు
స్టీలు ప్లాంటులో నాతో పనిచేసే అప్పన్న తప్పెటగుళ్ల ఆటగాడు. అతని బృందం ఆటని ప్రభుత్వం వారి విద్యా, సాంస్కృతిక ఛానల్ ఆమధ్య రికార్డు చేసుకెళ్లింది. అది ఈ రోజు మధ్యాహ్నం వస్తుందని తెలిసి, అప్పన్న షిఫ్టు మార్చుకుని, తల్లిని తీసుకుని ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి వచ్చాడు. వాళ్ల ఊరి కేబుల్లో ఆ ఛానల్ రాదు.

రొమ్మున తప్పెట కట్టుకుని అప్పన్న తెర మీదకి రాగానే ఆవిడ టీవీ దగ్గరికి జరిగి కూర్చుంది. అతను పాట ఎత్తుకున్నాడో లేదో, ఆ గొంతు తగ్గించేసి ఎవరో పండితుడు ఉపన్యాసం అందుకున్నాడు. ఆట అయ్యేదాకా ఆపలేదు. అప్పన్న నోరు కదులుతూనే ఉంది, వినిపించిందల్లా ఆయనే. అప్పన్న పేరైనా వెయ్యలేదు.

"నీ పాటేదిరా, ఆడి గోలే గాని?" అంది తల్లి.

చివర్లో ఆ పండితుడు, "ఈ కళ అంతరించిపోయింది, పాడేవారు ఇక లేరు" అని నిట్టూర్చాడు.

అప్పన్న నా వైపు తిరిగి, "బావా, నాను సచ్చిపోనానేటి?" అన్నాడు.

ఈ ఆదివారం తగరపువలసలో అప్పన్న ఆట ఉంది. ఆ పండితుడు మీలో ఎవరికైనా తెలిస్తే వెంటబెట్టుకు రండి. ముందు వరసలో కుర్చీ వేస్తాం. మైకు మాత్రం ఇవ్వం.